బాప్తిస్మం తీసుకుని రెండేళ్లు. అందరూ చెప్పే ఆ సమాధానం, ఆ మనశ్శాంతి, నాకెందుకు రాలేదు?

తేలని లెక్క | తెల్లవారుజామున 3:20

అందరికీ వందనాలు. అసలు పేరుతో అడిగే ధైర్యం లేక ఇలా రాస్తున్నాను.

నాకు 34 ఏళ్లు. అకౌంట్స్ పని చేస్తాను. పుట్టుకతో క్రైస్తవురాలిని కాదు. రెండేళ్ల క్రితం నా అంతట నేనే నమ్మి బాప్తిస్మం తీసుకున్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు, ఏ ఆశా చూపలేదు. ఒక సాయంత్రం మత్తయి సువార్త 11వ అధ్యాయం చదువుతూ "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా" అన్న దగ్గర ఆగిపోయాను. ఆ "సమస్త జనుల"లో నేనూ ఉన్నానని మొదటిసారి అనిపించింది. ఆ రోజు ఏడ్చిన ఏడుపు అబద్ధం కాదు. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, మిగతాది విన్నాక "అసలు నీకు రక్షణే లేదు" అంటారేమోనని భయం.

సంగతేమిటంటే, నాకు రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తుంది. గుండె దడదడలాడుతుంది. లేచి వెళ్లి తలుపు గడియ చూస్తాను. పడే ఉంటుంది. వచ్చి పడుకుంటాను. పది నిమిషాలకు, నిజంగా చూశానా, చూశాననుకున్నానా అని అనుమానం. మళ్లీ లేస్తాను. బాప్తిస్మానికి ముందూ ఇంతే, తర్వాతా ఇంతే. మధ్యలో ఒక నాలుగు నెలలు బాగున్నాను, అంతే.

పోయిన ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పమని మైకు చేతికిచ్చారు. నిజం చెబుదామనే లేచాను. అందరి ముఖాలూ చూశాక నోట్లోంచి వచ్చిన మాట, "యేసయ్య నాకు సంపూర్ణ సమాధానం ఇచ్చాడు." అందరూ ఆమెన్ అన్నారు. ఒక పెద్దావిడ వచ్చి కౌగిలించుకుంది. ఆ రాత్రి గడియ నాలుగుసార్లు చూశాను.

మా పనిలో సస్పెన్స్ అకౌంట్ అని ఒకటుంటుంది. రెండు వైపులా లెక్క కలవకపోతే, తేడా ఎక్కడుందో దొరికేదాకా ఆ మొత్తాన్ని అందులో పడేస్తాం. పుస్తకం చూడ్డానికి సరిపోయినట్టే ఉంటుంది. నా విశ్వాసం ఇప్పుడు అలా ఉంది.

పెళ్లయితే జీవితం పూర్తవుతుందని ఇంట్లోవాళ్లు అంటారు. "ఆయనయందు మీరును సంపూర్ణులైయున్నారు" అని కొలొస్సయులకు రాసిన పత్రిక అంటుంది. "అవుతారు" అనలేదు, "అయ్యున్నారు" అంది. మరి ఈ వెలితి ఎవరిది? మీలో ఎవరికైనా ఇలా ఉండి, తర్వాత ఏదైనా మారిందా? మారకపోయినా చెప్పండి.

హల్లెలూయ 316 | ఉదయం 6:05

ప్రైజ్ ది లార్డ్ సిస్టర్. ఇది శత్రువు పని. "దేనినిగూర్చియు చింతపడకుడి" అన్నది సలహా కాదు, ఆజ్ఞ. ఆజ్ఞ మీరితే సమాధానం ఎలా వస్తుంది? మీలో ఒప్పుకోని పాపం ఏదో ఉంది, వెతకండి. 40 రోజులు ఉపవాస ప్రార్థన చేయండి. అవిశ్వాసపు మాటలు నోటితో పలకవద్దు, ఇక్కడ రాయవద్దు. ఆమెన్.

పాత టెస్టర్ | ఉదయం 9:48

చెల్లెమ్మా, నాకు 58 ఏళ్లు. వైరింగ్ పని చేస్తాను, 31 ఏళ్ల నుంచి. రాయడం అలవాటు లేదు, పొడుగైతే ఏమనుకోవద్దు.

నీలా కాదు, నేను మందిరంలోనే పెరిగాను. ఫిలిప్పీయులకు 4:7 చూడకుండా చెప్పినందుకు సండే స్కూల్లో పెన్సిల్ డబ్బా ఇచ్చారు. "సమస్త జ్ఞానమునకు మించిన దేవుని సమాధానము యేసుక్రీస్తువలన మీ హృదయములకును మీ తలంపులకును కావలియుండును." నాకు అప్పుడు తెలిసిన సమాధానం ఒక్కటే, ప్రశ్నకు రాసేది. కాబట్టి దేవుడి దగ్గర మాస్టారి కంటే గొప్ప జవాబు ఉంటుందని అర్థం చేసుకున్నాను. నవ్వకు, 46 ఏళ్లు వచ్చేదాకా మనసులో అదే అర్థంతో బతికాను. దేవుడి దగ్గరికి వెళ్లడమంటే జవాబు అడగడమే.

నా ప్రశ్న ఏమిటంటే, నాన్న ఇల్లు మొత్తం అన్నయ్యకే ఎందుకు రాశాడు? ఆ ఇంటికి వైరింగ్ చేసింది నేను. గోడలు కొట్టి పైపులు వేసింది నేను. కాగితాలు బయటపడ్డ రోజు పెద్ద గొడవైంది. నా సామాను సర్దుకుని వెళ్లిపోతూ, ఒక పని చేశాను. ఇది మందిరంలో ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా చాలా ఏళ్లు చెప్పలేదు. పెరట్లో ఎర్త్ పిట్ దగ్గరికి వెళ్లి రాగి తీగ ఊడబీకి చుట్ట చుట్టుకుని తెచ్చేసుకున్నాను. నేను కొన్న తీగ, నేనే తీసుకున్నాను అని నాకు నేను చెప్పుకున్నాను.

నీకు ఈ పని తెలియదు కాబట్టి చెప్తాను. ఎర్తింగ్ లేకపోయినా ఇంట్లో అన్నీ పనిచేస్తాయి. బల్బు వెలుగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, ఫ్రిజ్ చల్లగా ఉంటుంది. ఏ తేడా కనపడదు. ఫ్రిజ్ లోపల ఎక్కడైనా వైరు పైతొడుగు ఒరుసుకుపోయి రేకుకు తగిలితే అప్పుడు తెలుస్తుంది. ఎర్తింగ్ ఉంటే ఆ కరెంటు భూమిలోకి పోతుంది, ఫ్యూజు కొట్టేస్తుంది, చీకటి పడుతుంది, ఎవరూ చావరు. లేకపోతే ఆ కరెంటు రేకు మీద అలాగే కూర్చుంటుంది, ఎవరో చెయ్యి వేసేదాకా.

అన్నయ్యకు ఇద్దరు చిన్న పిల్లలు. ఈ సంగతి తెలిసీ పదకొండేళ్లు ఊరుకున్నాను. ప్రతి ఆదివారం పాటలు పాడాను. కానుక వేశాను. రాత్రి నిద్ర పట్టకపోతే సమాధానం ఇమ్మని దేవుణ్ని అడిగాను.

ఒక రోజు వేరేవాళ్ల ఇంట్లో "ఫ్రిజ్ ముట్టుకుంటే జివ్వుమంటోంది" అని పిలిస్తే వెళ్లాను. ఎర్తింగ్ లేదు. ఆ ఇంటి పాప వచ్చి నా పక్కన నిలబడి చూస్తోంది, తలుపు హ్యాండిల్ సరిగ్గా దాని చెంప ఎత్తులో ఉంది. ఆ చిన్న సంగతి నన్ను కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు.

అదే వారం బైబిల్ స్టడీలో మా పాస్టరు అయ్యగారు నిర్గమకాండం 22 చెప్తున్నారు. ఒకడు నిప్పు పెడితే పక్కవాడి చేను కాలితే, నిప్పు పెట్టినవాడు ఆ నష్టం "అచ్చుకొనవలెను", అంటే కట్టివ్వాలి, అని ఉంటుంది. హెబ్రీలో ఆ అచ్చుకోవడం అన్న మాటకూ, మనం సమాధానం అనే షాలోమ్ అన్న మాటకూ ధాతువు ఒకటేనని చెప్పారు. విరిగినదాన్ని, తగ్గినదాన్ని మళ్లీ నిండుగా చేయడం. నేను షాలోమ్ అంటే మనసు హాయిగా ఉండడం అనుకున్నాను. ఇది చూస్తే గుంత తవ్వి తీగ కలిపి రావడంలా ఉంది. మత్తయి 5లో కానుక బలిపీఠం దగ్గరే వదిలేసి "మొదట వెళ్లి నీ సహోదరునితో సమాధానపడుము" అని ఉంటుంది కదా. చిన్నప్పటి నుంచి వింటున్నదే. అక్కడా సమాధానమే అని ఆ రోజే చూశాను.

వెళ్లాను. తలుపు తీసి అన్నయ్య నన్నూ, నా చేతిలో గునపాన్నీ చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "ఎర్తింగ్ పెట్టాలి" అన్నాను. ఇంకేం మాట రాలేదు. పాత గుంత పూడిపోయింది. మళ్లీ తవ్వి, పైపు దించి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి, నీళ్లు పోసి, తీగ కలిపాను. పాత తీగే, అమ్మలేదు, అటక మీద అలాగే ఉంచాను. చివర్లో ఫేజుకూ ఎర్తుకూ మధ్య వంద వాట్ల బల్బు పెట్టి చూశాను. ధగధగా వెలిగింది. అన్నయ్య అప్పటిదాకా గట్టు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు. బల్బు వెలిగాక, "ఎన్నాళ్లుగా లేదు?" అని అడిగాడు. చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతుల మీద పోశాడు.

ఇల్లు పంచలేదు. క్షమించమని తనూ అడగలేదు. నాన్న ఎందుకలా చేశాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సమాధానం రాలేదు. ఈ సమాధానం వచ్చింది. ఆ రాత్రి పొద్దెక్కేదాకా పడుకున్నాను.

పై బ్రదర్ రాసినట్టు "నీలో ఒప్పుకోని పాపం ఉంది" అని నేను అనడం లేదు, బాగా గుర్తుంచుకో. నా నిద్ర చెడడానికి కారణం ఉంది కాబట్టి నాకు అది దొరికింది. నీ దడకు కారణం అదే కావాలనేం లేదు. లేని గుంతలు తవ్వకు. నేను చెప్పదలచుకున్నది వేరే. నువ్వు ఫాల్ట్ రాకుండా ఉండడాన్ని సమాధానం అనుకుంటున్నావు. క్రీస్తు నాకు ఇంట్లో వెలిగే బల్బు లాంటివాడు కాదు, ఎర్తు లాంటివాడు. మామూలు రోజున ఆయన ఉన్నట్టు కూడా తెలియదు. తప్పు కరెంటు వచ్చినప్పుడు అది పోవడానికి దారి ఉంటుంది, అంతే. నీకు మూడింటికి దడ వచ్చినప్పుడు "ప్రభువా" అంటున్నావా, లేదా? అంటే తీగ కలిసే ఉంది.

ఇంకొకటి. "కావలియుండును" అన్నది కాపలా కాయడం. గ్రీకులో అది సైనికుల మాట అని కూడా అయ్యగారే చెప్పారు. దొంగ భయం లేని చోట కాపలా ఎవరు పెడతారు? అది రాసిన పౌలు కూడా సంకెళ్లలో ఉన్నాడు. పైగా అయిదు వచనాలు వెనక్కి వెళ్లి చూడు, 4:2లో యువొదియ, సుంటుకే అని ఇద్దరు స్త్రీలను కలిసిపొమ్మని బతిమాలుతున్నాడు. వాళ్ల తగువేమిటో రాయలేదు. నాకైతే ఇల్లే అయి ఉంటుందనిపిస్తుంది.

ప్రశ్నార్థకం | ఉదయం 11:30

నేను నమ్మను, కానీ చదువుతున్నాను. టెస్టర్ గారూ, మీ కథ బాగుంది. అయితే ఇందులో దేవుడి పనేముంది? తప్పు చేశారు, సరిదిద్దుకున్నారు, నిద్రపట్టింది. నాస్తికుడు చేసినా నిద్రపట్టేదే. తెల్లవారుజామున ఊపిరి మీద ధ్యాస పెడితే నాకూ మనసు కుదుటపడుతుంది. దానికి సంపూర్ణత అని అంత పెద్ద పేరు ఎందుకు?

పాత టెస్టర్ | మధ్యాహ్నం 1:15

పట్టేదేమో సార్, కాదనను. ఊపిరి మీద ధ్యాస మంచిదే, నేనూ నిచ్చెన ఎక్కేముందు చేస్తాను. కానీ పదకొండేళ్లు నాకు నేనే జడ్జిని, నాకు నేనే వకీలుని. ప్రతి రాత్రీ కేసు నేనే గెలిచాను, నిద్ర మాత్రం పట్టలేదు. క్షమించబడ్డావు అని ఇంకొకరు చెప్పాక గానీ తప్పు చేశానని ఒప్పుకునే ధైర్యం నాకు రాలేదు. అందరూ ముందు ఒప్పుకోలు, తర్వాత క్షమాపణ అనుకుంటారు. నా విషయంలో తిరగేసి జరిగింది. అంతకంటే వాదించడం నాకు చేతకాదు.

నైట్ డ్యూటీ | సాయంత్రం 4:40

సిస్టర్, నేను నర్సుని, విశ్వాసినే. ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా గుండె దడ వస్తుంది, ప్రార్థనతో పాటు ఒక రక్తపరీక్ష చేయించుకుంటే పోయేదేం లేదు. గడియ మళ్లీ మళ్లీ చూడడం, చూసినా నమ్మకం కుదరకపోవడం, దీనికి కూడా పేరుంది, చికిత్స ఉంది. మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లడం అవిశ్వాసం కాదు. విరిగిన కాలికి కట్టు కట్టించుకోవడాన్ని ఎవరూ అవిశ్వాసం అనరు కదా.

మొదటి రాజులు 19 చదవండి. ప్రవక్త ఏలీయా చెట్టు కింద పడి "నా ప్రాణం తీసుకో" అంటాడు. దూత వచ్చి ఏమంటాడు? ప్రసంగం చేయడు. నీ విశ్వాసం ఏమైంది అని అడగడు. తట్టి లేపి రొట్టె, నీళ్లు పెడతాడు. ఏలీయా తిని మళ్లీ పడుకుంటాడు. రెండోసారి లేపి మళ్లీ పెడతాడు, దారి నీ శక్తికి మించి ఉంది అని. "ఇచ్చట నీవేమి చేయుచున్నావు?" అన్న ప్రశ్న ఎప్పుడో, నలభై రోజులు నడిచి కొండ ఎక్కాక వస్తుంది. మా డ్యూటీలో కూడా అంతే, సెలైన్ ఎక్కాకే హిస్టరీ అడుగుతాం.

రాత్రి మూడు గంటలు మా వార్డులో కూడా చెడ్డ గంట. పగలు ధైర్యంగా ఉన్నవాళ్లు అప్పుడు బెల్ కొడతారు. ఏం కావాలని అడిగితే ఏమీ లేదు, ఊరికే అంటారు. నేను వెళ్లి మంచం పక్కన ఒక నిమిషం నిలబడతాను. చాలామందికి అదే మందు. నాకు ప్రార్థన అంటే ఆ బెల్ అనిపిస్తుంది. ఏదో కావాలనే కొట్టక్కర్లేదు.

అంచు రాతలు | రాత్రి 9:10

మీరు "ఈ వెలితి ఎవరిది" అన్నారు. పుస్తకాల పురుగుని కాబట్టి నాకు తోచింది చెప్తాను, పనికొస్తే తీసుకోండి.

"దేవుడి ఆకారంలో ఉన్న ఖాళీ" అని ఫ్రెంచి గణితవేత్త పాస్కల్ పేరు మీద ఒక మాట ప్రసంగాల్లో తెగ తిరుగుతుంది. ఆయన ఆ మాటల్లో అనలేదు. మనిషిలో ఉన్నది అంతులేని అగాధం, అంతులేనివాడే దాన్ని నింపగలడు అన్నట్టు రాశాడు. నాకు ఆ మాట కంటే ఆయన కోటు సంగతి ఇష్టం. 1654 నవంబరు 23 రాత్రి పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా ఆయనకు ఒక అనుభవం కలిగింది. "అగ్ని" అని ఒక్క మాట రాసి, కింద నిశ్చయం, సంతోషం, శాంతి అని రాసుకున్నాడు. ఆ రాతను కోటు లోపలి అస్తరులో పెట్టి కుట్టుకున్నాడు. 1662లో చనిపోయాక పనివాడికి దొరికేదాకా దాని గురించి ఎవరికీ తెలియదు. ఆ ఎనిమిదేళ్లూ జబ్బుతోనే గడిపాడు, పోయేసరికి వయసు 39. ఆ రెండు గంటల అనుభూతి రోజూ ఉండేదే అయితే దాన్ని కోటులో కుట్టుకోవలసిన పనేముంది? రాకపోతే తడిమి చూసుకోవడానికే కదా. మీ "నాలుగు నెలలు" కూడా అలా ఎక్కడో రాసి పెట్టుకోండి. పోయాయి కాబట్టి అబద్ధం అనుకోకండి.

మదర్ తెరిసా ఉత్తరాలు 2007లో పుస్తకంగా వచ్చినప్పుడు చాలామంది ఉలిక్కిపడ్డారు. దాదాపు యాభై ఏళ్లు లోపల చీకటే ఉందని తన గురువులకు రాసుకుంది. కీర్తనల్లో 88వది చూడండి, ఆశ అన్న మాట లేకుండా "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగుస్తుంది. దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు. హల్లెలూయ బ్రదర్ "అవిశ్వాసపు మాటలు రాయవద్దు" అన్నారు కానీ, ఆ లెక్కన ఈ కీర్తన రాసినవాడికి ఇక్కడ చోటుండదు.

సంపూర్ణత గురించి ఒక్కటి. ద్వితీయోపదేశకాండం 27లో బలిపీఠాన్ని "చెక్కని రాళ్లతో" కట్టమని ఉంటుంది. హెబ్రీలో ఆ రాళ్లకు వాడిన విశేషణం షెలేమోత్, టెస్టర్ గారు చెప్పిన ధాతువే. అంటే అక్కడ సంపూర్ణమైన రాయి అంటే నునుపు చేసి, మూలలు తీర్చిన రాయి కాదు. ఉలి తగలని రాయి, ఎలా దొరికిందో అలాగే ఉన్న రాయి. మనకు సంపూర్ణం అనగానే తీర్చిదిద్దింది గుర్తొస్తుంది. మీరు రెండేళ్లుగా మిమ్మల్ని మీరు చెక్కుకుంటున్నారేమో.

తేలని లెక్క | రాత్రి 11:52

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. ఆఫీసులో బాత్రూమ్‌లోకి వెళ్లి చదువుకున్నాను.

నైట్ డ్యూటీ అక్కా, డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. టెస్టర్ అన్నయ్యా, గునపం చూసి మీ అన్నయ్య వెనక్కి అడుగు వేశాడన్న దగ్గర నవ్వాను, నీళ్లు పోశాడన్న దగ్గర నవ్వలేకపోయాను.

ఒక్కటే మిగిలింది. ఆదివారం చెప్పిన అబద్ధపు సాక్ష్యం. మళ్లీ మైకు అడిగి "అది నిజం కాదు" అని చెప్పాలా? తలుచుకుంటేనే చేతులు చల్లబడుతున్నాయి.

పాత టెస్టర్ | ఉదయం 5:30

మైకు ఎందుకమ్మా? నిన్ను కౌగిలించుకున్న ఆ పెద్దావిడ ఉందిగా, ఆమెకు చెప్పు. ఊరందరి ముందు చేసిన తప్పు ఊరందరి ముందే దిద్దాలంటారు, నిజమే. కానీ ముందు ఒకరి దగ్గర మొదలుపెడితే తర్వాతది నీకే తోస్తుంది. నేనూ ముందు మా ఆవిడకే చెప్పాను. ఆమె వారం రోజులు నాతో మాట్లాడలేదు, ఆ సంగతి పైన రాయలేదు.

హల్లెలూయ 316 | ఉదయం 6:20

సిస్టర్, నిన్న నేను రాసింది మళ్లీ చదువుకున్నాను. తీసేద్దామనుకున్నాను, కానీ తీసేస్తే మిగతావాళ్ల జవాబులు చదివేవాళ్లకు అర్థం కావు కాబట్టి ఉంచేస్తున్నాను. 40 రోజుల ఉపవాసం నేనూ మొదలుపెట్టాను, మూడేళ్ల కిందట. 23వ రోజు ఆపేశాను. అందరికీ 40 అనే చెప్పాను. మీ సాక్ష్యం సంగతి చదివాక ఇది మనసులో తిరుగుతోంది. ప్రార్థన చేస్తున్నాను మీ కోసం. నా కోసం కూడా చేయండి.

తేలని లెక్క | మూడు వారాల తర్వాత

ఎవరైనా ఇంకా చూస్తున్నారేమో తెలియదు, బాకీ ఉన్నట్టు అనిపించి రాస్తున్నాను.

రక్తం తక్కువగా ఉందన్నారు, మాత్రలు ఇచ్చారు. గడియ సంగతి ఇంకో డాక్టర్‌కు చెప్పాను, రెండుసార్లు వెళ్లాను, ఇంకా వెళ్లాలి. పెద్దావిడకు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "నీ గొంతు చూసి నాకప్పుడే తెలుసు, అందుకే వచ్చి పట్టుకున్నాను" అంది. ఆ కౌగిలింత ఇన్ని రోజులూ నా అబద్ధానికి వచ్చిందనుకున్నాను.

హల్లెలూయ బ్రదర్, మీ కోసం రోజూ ప్రార్థిస్తున్నాను. 23 రోజులు తక్కువేం కాదు.

నిన్న రాత్రి మెలకువ వస్తే యోహాను 20 చదివాను. శిష్యులు భయపడి తలుపులు మూసుకుని ఉంటే యేసు వచ్చి మధ్యలో నిలబడి "మీకు సమాధానము కలుగునుగాక" అంటాడు. తన చేతులూ పక్కా చూపిస్తాడు. లేచి వచ్చినవాడి ఒంటి మీద గాయాలు ఇంకా అలాగే ఉన్నాయి. అక్కడిదాకా చాలాసార్లు చదివాను. ఎనిమిది రోజుల తర్వాత ఏం జరిగిందో ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆయనను కళ్లారా చూశాక, సమాధానం చెవులారా విన్నాక, ఎనిమిది రోజులకు మళ్లీ ఆయన వచ్చేసరికి తలుపులు ఇంకా మూసే ఉన్నాయట. ఎందుకింకా మూసుకున్నారు అని ఆయన ఒక్కరినీ అడగలేదు. లోపలికి వచ్చి మళ్లీ అదే మాట అన్నాడు.

చదివాక లేచి గడియ చూసి వచ్చాను. పది నిమిషాలకు మళ్లీ లేవాలనిపించింది. లేచాను కూడా. రెండోసారి చూసి పడుకున్నాను, మూడోసారి లేవలేదు.